హోల్డాన్

రాత్రి రెండున్నర. నానక్‌రామ్‌గూడ, ఏడో అంతస్తు.
ఫర్హీన్ 'క్లియర్' అని కొట్టింది,
పాత లాగుల చెత్త పోతుందనుకుని.
పోయింది క్యూ మొత్తం,
నాలుగు వేల కరెంటు బిల్లుల రసీదులు.

ఆ పేరు పెట్టింది నేను.
ఆరేళ్ల కింద, బిర్యానీ చల్లారుతోందన్న తొందరలో.
ఎవరూ ఆమెను ఏమీ అనలేదు.
నేనూ ఏమీ అనలేదు.

తెల్లారి మెహదీపట్నం బస్సు, నిలబడే.
కండక్టర్ బాలమణి గొంతులో రెండే మాటలు:
హోల్డాన్. రైట్ రైట్.
ఇన్ని తలల మీదుగా, వానలో, హారన్లలో
డ్రైవర్‌కి ఒక్కసారీ రెండో అర్థం వినపడలేదు.
రైటంటే కుడికి కాదు, కదులు.
ఎప్పుడో ఇంగ్లీషు, ఇప్పుడు ఆమెది.

టోలిచౌకి దగ్గర ఫోన్లో రాసుకున్నా:
ఆపు – ఇప్పటికి మాత్రమే.
లేవనీకు – మెషీన్ మళ్లీ తెల్లారినా సరే.
ఖాళీచెయ్ – ఏది ఖాళీ చెయ్యాలో చెప్పందే
కదలకూడదు.
మూడోది కొట్టేశా. మళ్లీ రాశా.

"దిగుతవా, జరుగుతవా?
ఏదో ఒకటి చెప్పు బిడ్డా,"
వెనక ఎవరో పెద్దమనిషి, చేతిలో టిఫిన్ డబ్బా.

"దిగుత."

దిగి, వానలోనే, ఫర్హీన్‌కి పంపా:
ఆ పేరు నాది.