మేనత్త పోలిక

పుట్టిన్నాడే అన్నరట
మేనత్త పోలికని.
ఆ ముక్కు, ఆ నుదురు,
నవ్వితే ఎడమపక్క పడే సొట్ట.
శకుంతలత్త నన్నెత్తుకొని
పుట్టపాక వాడలన్నీ తిరిగిందట, గెలిచినట్టు.

నాకు ఏడేండ్లప్పుడు ఆమె పోయింది.
రొమ్ముల గడ్డని ఎవరూ అనలేదు.
లోపలి రోగం అన్నరు, గొంతు తగ్గించి.
నాలుగేండ్లకు అంజమ్మత్త. ఆమెది కడుపుల.
రెండు రోగాలు, ఎవరి రాత వాళ్లది అనుకున్నం.

నలభై ఒకటో యేట
తానం చేస్తుంటే నా వేలికి తగిలింది
చింతగింజంత.

హైదరాబాదు దవాఖానల ఒక చిన్నపిల్ల, డాక్టరే,
మందు రాయలేదు, చెట్టు గీసింది.
మగోళ్లకు నలుచదరం, ఆడోళ్లకు సున్న,
పోయినోళ్ల మీద అడ్డగీత,
ఈ రోగమొచ్చినోళ్లకు నల్లగ నింపుడు.
అమ్మ దిక్కు సున్నలన్నీ తెల్లగున్నయ్.
నాయిన దిక్కు రెండు నలుపు.
కింద నేను.

నాయిన వంగి చూసిండు
డిజైను గ్రాఫు చూసినట్టు.
నలభయ్యేండ్లు చిటికి కట్టిన మనిషి,
సైకిల్ ట్యూబు పీలికలతోటి, పోగు పోగుకు లెక్కపెట్టి.
మగ్గమెక్కక ముందే చీరె మొత్తం
పోగుల్ల ఉంటదని ఆయనకు వేరే చెప్పాల్నా?
తన నలుచదరం మీద వేలు పెట్టి
"ఇది తెల్లగనే ఉంది గదా" అన్నడు.
"మీకు రోగం లేదు తాతా.
దారే మీ మీదికెల్లి పోయింది."

చౌటుప్పల్ దాకా మాట్లాడలేదు.
దిగినంక, చాయ్ చల్లారినంక,
"నేనేనా బిడ్డా, ఇచ్చింది?"

నాకర్థమైనంత చెప్పిన, మన పని మాటల్ల:
ఒంట్ల పోగులు రోజూ తెగుతయ్ నాయినా,
అతికేటోళ్లు ఇద్దరుంటరు.
నువ్విచ్చినోనికి పుట్టుకతోనే చేయి లేదు,
నాలుగక్షరాలు రాలిపోయినయట.
అమ్మ ఇచ్చినోడు ఒక్కడే ఇన్నేండ్లు నెట్టుకొచ్చిండు.
యాడనో ఒక్క కణంల ఆయన గూడ పడిపోయిండు.
గడ్డ ఆడికెల్లే.
అది వంకరటింకర ముడులేసుకుంట బతుకుతది.
ఈ గోలీ ఆ ముడేసే వేళ్లను గూడ కట్టేస్తది.
ఇగ తెగింది తెగినట్టే, దానంతటదే రాలుతది.
మిగిలిన ఒళ్లంత అమ్మ పనితనం మీద నడుస్తది.

ఆ అక్షరాలు రాలకుంటే
ఈ గోలీ నాకు రాసేటోళ్లే కాదు, అన్న.

"రాలకుంటే గోలీతోటి పనేముండు" అన్నడు నాయిన.

గోలీ వేసుకున్న పూట
తేలియా నూనె వాసనకు కడుపుల దేవుతది.
ఆముదం కాయల బూడిద, నానిన నూలు,
పుట్టినకాడికెల్లి పీల్చిన వాసన.
ఒకనాడు లేచి చూస్తే
కుండలు వాకిట్ల లేవు.
పెరట్ల గోడవతల పెట్టుకున్నడు,
ఎవరికీ చెప్పకుండ.

తమ్ముడు నెత్తురు పరీక్షకు రానంటుండు.
మగోనికెందుకు, అంటడు.
వాని బిడ్డ హారికకు ఆరేండ్లు.

మొన్న కండెలు పట్టుకపోనొచ్చిన రుక్కమ్మ
దాని గడ్డం పట్టి ఊపింది:
అచ్చం మేనత్త పోలికే!

నాయిన చేతుల పీలిక ఆగింది.
పిల్ల నవ్వింది, ఎడమపక్క సొట్ట.

సగం ముడి అట్లనే ఇడిచి
లోపలికి చూసి
తమ్ముణ్ణి పిలిచిండు.