మూడో రోజు

పసుప్పచ్చ పొడి. నీళ్ళలో కలిపితే
పల్చటి టీ రంగు.
మంగళవారం ఆఖరి మోతాదు పోశాను.
సాయంత్రానికి తుమ్ములు తగ్గి
మూడొందల కోళ్ళూ మేత తొట్లలోకి మెడలు దూర్చాయి.

ప్యాకెట్ వెనక చీమతలంత అక్షరాలు:
ఇక్కడినుంచి ఏడు రోజులు ఆగి కోయాలి.
చదవడం రాక కాదు.
మూడొందల నోళ్ళు, ఏడు రోజులు,
మొక్కజొన్న బస్తాలు ఎన్నో
నా వేళ్ళు ముందే లెక్కేశాయి.

గురువారం పొద్దున ఆసంటేవా మోటారు మీద వచ్చింది.
"శనివారం ఒపానిన్ బడుని సాగనంపుతున్నాం.
నూట ఇరవై కావాలి, బరువైనవి.
మార్చురీకి రోజు రోజుకీ అద్దె కడుతున్నాం,
ఇంక ఆగలేం అబ్రఫీ."

ఆగలేనిది వాళ్ళొక్కళ్ళే కాదు.
శుక్రవారం చీకటితోనే గంపలు కట్టాను.

షెడ్డు వెనక చిన్న గూడొకటుంది.
నాలుగు పెట్టలు. వాటి నీళ్ళలో
ఆ పొడి ఎన్నడూ కలపలేదు.
అవి మా పిల్లలకి.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అడగకూడదనే వెనక కట్టాను.

శనివారం, ఎజిసు.
ఎరుపు బట్టలు, నలుపు బట్టలు, ఛాతీలో మోగే డప్పులు.
బడు భార్య వచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది.
"మేకు గుచ్చుకుంది తల్లీ, అంతే. చెప్పులోంచి.
మూడు మందులు మార్చారు. ఒక్కటీ పట్టలేదు.
ఒంట్లోకి ఎక్కించినదంతా ఉత్త నీళ్ళే అయింది."
నడుం దగ్గర ముడి విప్పి
మడతల దగ్గర చిరిగిన ఆసుపత్రి చీటీ తీసింది.
వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నట్టుంది.
మొదటి మందు పేరు నాకు కొత్త కాదు.
పసుప్పచ్చ ప్యాకెట్ మీదిదే,
అక్షరం తేడా లేదు.

చీటీ మడిచి తిరిగిచ్చేశాను.
"అయ్యో" అన్నాను. అంతకన్నా నోరు రాలేదు.

పళ్ళెం వచ్చింది. ఫుఫు మీద ఎర్రటి పులుసు,
నిండు తొడ ముక్క.
"నీ కోళ్ళేగా, ఎంత మెత్తగా ఉడికాయో చూడు" అంది ఆవిడ.
నములుతూ వెతికాను, నాలుక చివర, దవడ పక్కన.
ఏ రుచీ పట్టివ్వలేదు.
ఉప్పు సరిపోయింది.

తలెత్తితే
పందిరి చివర పిల్లల వరసలో, బడు మనవల మధ్య,
మా ఎన్సియా.
పులుసు మోచేతి దాకా కారుతుంటే
ఎముక చీకి పక్కన పెట్టి
ఇంకో ముక్క కావాలని
చెయ్యెత్తాడు.