తయారు

కువైట్‌లో, జహ్రాలో, మేడమ్ వాళ్ళ వంటిల్లు పెరట్లో ఉంటాది.
ఏసీ లేదు. ఆమె గొంతు మాత్రం అక్కడిదాకా వస్తాది:
"ప్రిపేర్."
మచ్బూస్‌కి అదే మాట, మజ్లిస్‌కి అదే,
పిల్లల్ని బడికి పంపాలన్నా అదే.
ఒక్క మాటతో ఇల్లంతా సర్దించుకుంటాది.

ఒక రాత్రి చిన్నది దానా
స్పెల్లింగ్ పుస్తకం తెచ్చి తడిగిన్నెల పక్కన పెట్టింది.
"ఓబుళమ్మా, ప్రిపేర్‌ను మీ భాషలో ఏమంటారు?"

ఏమని చెప్పేది?
బియ్యమైతే కడుగుతాం. పప్పు నానేస్తాం.
పిండి రుబ్బి, పొంగేదాకా కాచుకుంటాం.
శనక్కాయలకు దుక్కి దున్ని
మబ్బుకేసి చూస్తాం. అదీ ప్రిపేరే కదా?
అన్నిటికీ ఒకే మాట మా నోట్లో ఇమడదు.

మనుషులకైతే ఉంది: తయారు.
పౌడరు రాసుకుంటే తయారైనట్టు.
ఎదురు మాట్లాడినా తయారైనట్టే.
నడుం మీద చెయ్యి పెట్టి
మా మేనత్త గొంతుతో చేసి చూపించినా:
"బాగా తయారైనావే!"
దానా పగలబడి నవ్వి
అరబ్బీ అక్షరాల్లో రాసుకుంది.

నాలుగేళ్ళయింది, సెలవడిగినా.
"ఈ ఏడు కాదు" అంది మేడమ్.
"ఈ ఏడే" అన్నా.
అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ప్రయాణం పొద్దున, బ్యాగుకు తాడు బిగిస్తా ఉంటే,
నన్ను చీరలో ఎప్పుడూ చూడని పిల్ల
గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టి,
అచ్చం మేనత్త మాదిరే:
"బాగా తయారైనావే!"

ఏ అర్థంలో అన్నావని అడగలేదు.
కొంగు దోపుకొని
ఔనన్నా.