శేషం

ఆనేకల్‌లో బస్సు దిగి
మూడు కిలోమీటర్లు నడిస్తే హుణసేపాళ్య.
మా ఆఫీసు మ్యాపులో ఆ నడకంతా
ముదురాకుపచ్చ.
కాళ్ళకింద మాత్రం
నీలగిరి ఆకులు అప్పడాల్లా విరుగుతున్నాయి.
పిట్ట అరవని అడవి.
వరసలు తీర్చి నిలబెట్టిన చెట్లు,
ఎవరో హాజరు పిలుస్తారని చూస్తున్నట్టు.

ముప్పై మీటర్లకో చుక్క అంటాడు కురియన్,
ఉపగ్రహానికి అంతకన్నా చిన్నది ఆనదట.
ముప్పై మీటర్లలో
ఒక బడి, ఒక బోరింగు,
ఒక మేక, దాని తాడు
అన్నీ పడతాయి.

పదకొండూ పది.
చెప్పకుండా వెళ్ళడమే మా పద్ధతి.
ఇరవై ముగ్గురు పిల్లలు. కుర్చీ ఖాళీ.
ఫారంలో నాలుగో పేజీ, పన్నెండో ప్రశ్న:
తరగతి గదిలో టీచరు ఉన్నారా?
ఒకటి, ఉన్నారు. రెండు, లేరు.
రెండుకి సున్నా చుట్టాను.
పెన్సిలు ముక్కు విరిగేంత గట్టిగా చుట్టాను,
నా చిన్నప్పటి ఖాళీ కుర్చీలన్నీ గుర్తొచ్చి.

తర్వాత చూశాను బోర్డు.
మూడు భాగహారాలు.
వాటికింద కన్నడంలో ఒక ముక్క.
ముందు వరసలో పిల్ల, బిందుశ్రీ,
తనింటి తెలుగులోకి మార్చి చెప్పింది:
"మూడో లెక్క శేషం తేలేలోపల వస్తాను."

చెబుతూనే పలక మీద శేషం రాసింది.
ఎంగిలి వేలితో చెరిపేసింది.
మళ్ళీ రాసింది. మళ్ళీ చెరిపింది.
తప్పొచ్చిందా అన్నాను.
"లేదక్కా, సరిగ్గానే వస్తా ఉండాది.
తేలిపోతే మేడమ్ లేటయినట్టు గదా."

గదంతా తిరిగి చూశాను.
ఇరవై మూడు పలకలు.
మూడో లెక్క దగ్గర అన్నీ తడిగానే ఉన్నాయి.

పన్నెండుకి పది నిమిషాలుందనగా వచ్చింది మునిరత్నమ్మ.
చెప్పుల నిండా ఎర్రమట్టి,
భుజం మీద ఎవరి తల చెమటో ఆరని మచ్చ.
"మారేశకు జొరమమ్మా. ఒళ్ళు కాలిపోతా ఉండె.
నర్సమ్మ ఉండేది ఆ చెట్లకవతల.
ఎత్తుకొని పోయినా, బస్సు యాడుండాది?"
నా జవాబు కోసం ఆగలేదు.
బోర్డు వైపు తిరిగి
"ఏమి, తేలలేదా ఇంకా?" అంది.
"ఏడు!"
అందరూ ఒక్క గొంతై అరిచారు.

ఫారం అడుగున "ఇతర వివరాలు" అని ఒక గడి,
ఇరవై అక్షరాలు పడుతుంది.
రాశాను:
టీచరు జ్వరమొచ్చిన పిల్లాణ్ణి ఎత్తుకుని న
అక్కడికి గడి అయిపోయింది.

మారేశ జ్వరం ఇంకో ఫారంలో ఉంది,
గత పదిహేను రోజుల్లో, అవును; దోమతెర, లేదు.
ఆ ఫైలు మూడో అంతస్తులో ఉంటుంది.
నాది రెండో అంతస్తు.
కురియన్ అడవి మేడమీది గదిలో.
ఏడాదిగా అవి మెట్ల మీదైనా
ఎదురుపడలేదు.

జూలైలో యలహంక ఆఫీసులో గ్రాఫు వేశారు.
చుక్కలన్నీ బుద్ధిగా గీతని ఆనుకుని కూర్చున్నాయి.
ఒక్కటి మాత్రం పైన, దూరంగా,
టీచరు హాజరు అడుగున, పిల్లల మార్కులు నెత్తిన.
"గీతకి అందకుండా మిగిలేదే శేషం" అని
కొత్తగా చేరినవాళ్ళకి వివరిస్తున్నారు పెద్దాయన.
"మరీ ఎడంగా ఉంది, తీసేద్దామా దీన్ని?"

నవ్వొచ్చింది. కాఫీ గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.
ఉండనివ్వండి అన్నాను.
ఎందుకన్నారు.
ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు,
ఆకులు విరిగిన చప్పుడు నుంచా,
భుజం మీది మచ్చ నుంచా.
నాకప్పుడూ ఇరవై అక్షరాలే దొరికాయి.

బయట వాన. గేటు దగ్గర హారన్లు.
నోట్‌బుక్కు అట్ట మీద ఏడు వేశాను.
ఎవరూ చూడకుండా వేలు తడిచేసుకుని రుద్దాను.
పెన్నుతో వేసింది కదా,
పోలేదు.