పొయ్యిలో పిల్లి

నా ఉద్యోగం కట్టెలు తూకం వెయ్యడం.
పొద్దున ఒకసారి, మర్నాడు పొద్దున ఇంకోసారి.
రెంటికీ మధ్య తేడా ఎంతో
అంత మంట, అంత వంట, అంత పొగ.
స్ప్రింగు త్రాసు, చెమ్మ చూసే మీటరు,
చార్జింగు నిలవని టాబ్లెట్టు ఒకటి.
పలమనేరులో షేరాటో ఎక్కితే
అడివంచున దిగే పల్లెలో ఇరవైరెండు ఇళ్ళు.

కొత్త పొయ్యి ఇంటికొకటి, ఊరికే ఇచ్చారు.
ఇనుప డొక్క, లోపల మట్టి గొంతు, పక్కన నంబరు.
సగం కట్టెలతో సరిపోతుంది.
మిగిలిన సగం, అంటే కాలని సగం,
అంటే లేవని పొగ,
టన్నుల లెక్కన సముద్రాల అవతల అమ్ముడవుతుంది.
కొనేవాడికి విమానాలున్నాయట.

చెంగమ్మకి ఇదంతా చెప్పడానికి నాకు అరపూట పట్టింది.
అర్థం కావడానికి ఆమెకి అర నిమిషం.
"ఓహో, పూత మింద తోట అమ్మినట్ట!
కాయ ఇంకా కొమ్మలోనే ఉండాది
బేరం మాత్రం అయిపోయుండాది."
చింతచిగురు ఏరుతా ఏరుతా ఆగి,
"గాలొచ్చి పూత రాలితే
ఎవురికి మేయ్ నష్టం?"
నేను టాబ్లెట్టు వైపు చూసుకున్నాను.

ఈ పొయ్యి ఇవ్వకపోయుంటే మీరేం చేసేవారు?
తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న.
జరిగిన దాన్ని జరగబోయిన దాంట్లోంచి తీసేస్తే
మిగిలేదే మా సరుకు.
ఒక తాత, "ఇయ్యకపోతే ఇంత ఎండలో నువ్వు రావు గదమ్మా" అన్నాడు.
చెంగమ్మ,
"ఏనుగులు దిగిన దినం కట్టెలకి పొయ్యేదాన్ని కాదు,
దిగని దినం పొయ్యేదాన్ని" అంది.
ఏనుగు దిగిన దినాలెన్నో
ఏ గడిలో వెయ్యాలో తెలీలేదు.

మూడోరోజు పూణే నుంచి ఆడిటర్ వచ్చాడు.
కులకర్ణి. మంచివాడే.
చెప్పులు వాకిట్లో విడిచి లోపలికొచ్చాడు.
చెంగమ్మ మోపు త్రాసుకి తగిలించాను.
ఎనిమిది కిలోల నాలుగొందలు.
నిన్న?
ఎనిమిది కిలోల నాలుగొందలు.
త్రాసుని తట్టి మళ్ళీ ఎత్తాను. అదే.

పెరట్లో పాత మూడురాళ్ళ పొయ్యి.
దొంగచాటుగా వాడుతున్నారేమోనని చూడడం ఆయన పని.
వంగి చూశాడు.
బూడిదలో ముడుచుకుని
చెవి చిరిగిన పిల్లి.
రాళ్ళ మీద చెయ్యి పెట్టాడు, చల్లగా.
కొత్త పొయ్యి మీద పెట్టాడు, అదీ చల్లగా.
ఆయన ముఖం విప్పారింది.
పిల్లి లేవకుండా మూడు ఫోటోలు తీశాడు.
"బ్యూటిఫుల్. ఇంతకన్నా రుజువేం కావాలి మేడమ్?"

ఆయనకి తెలుగు రాదు.
మా అవ్వ గొంతు తగ్గించి
"వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవలేదంట" అంటే
మా అమ్మ మారుమాట లేకుండా
చేట అందుకుని బియ్యం డబ్బా దగ్గరికి పోయేది.

గుజ్జు ఫ్యాక్టరీ మూసి పదకొండు దినాలు.
కడిగిన కాయల కూలి ఇంకా రాలేదు.
చెంగమ్మ నా వైపు చూడకుండా
"పిల్లోళ్ళు ఇస్కూల్లో తినేసినారు. రేత్రికి బన్నులు.
నాకేం ఆకలి లేదులే, రాసుకో" అంది.

వాడకం సున్నా అని కొట్టాను.
ఆదా నూటికి నూరు, అని అదే చూపించింది,
గడి దానంతటదే పచ్చబడింది.
ఊళ్ళోకెల్లా గొప్ప ఆదా.
కారణం? అంది.
పండగా, చుట్టాలా, ఊళ్ళో లేరా,
మూడింట్లో ఒకటి నొక్కమంది.
నొక్కేదాకా ముందుకి కదల్లేదు.
ఊళ్ళో లేరు, అని నొక్కాను.
ఆమె నా ఎదురుగానే నిలబడుంది,
నీళ్ళు తాగిపొమ్మని చెంబు పట్టుకుని.

సాయంత్రం ఆటోలోంచి వెనక్కి తిరిగి
కప్పుల మీద పొగలు లెక్కపెట్టాను.
ఇరవైఒకటి.

పలమనేరు బస్టాండులో చిల్లర కోసం సంచి వెతుకుతుంటే
అడుగున త్రాసు, త్రాసు కింద
పొద్దున అమ్మ కట్టిచ్చిన సద్ది.
మూత తియ్యనే లేదు.