ఎనిమిదిన్నర లెక్క

అల్లవరం మండలాఫీసు వెనకాల
సిమెంటు దిమ్మ మీద
జానెడు మూతి ఉన్న గరాటు.
దానికి ఒక్కటే పని,
నోరు తెరుచుకుని ఉండడం.

పొద్దున్న ఎనిమిదిన్నరకి
ధనకొండ తాళం తీసి, సీసా పైకెత్తి
గాజు కొలతలోకి ఒంపుతుంది.
కన్ను నీటిమట్టానికి దించడానికి
మోకాళ్ళ మీద కూర్చుంటుంది.
"అంచు కాదండి, నడిమి పల్లం చూడాలండి."

నేను తెచ్చుకున్నది వేరే కన్ను.
అరగంటకోసారి పైనుంచి అంకె పంపేది.
నిజం చెప్పాలంటే అది వానని చూడదు.
మబ్బు నడినెత్తి ఎంత చల్లబడిందో చూసి
కింద ఎంత కురిసి ఉంటుందో ఊహిస్తుంది,
నుదురు ముట్టుకుని జ్వరం చెప్పే అమ్మమ్మలా.
చాలాసార్లు సరిగ్గానే.

దానికి అల్లవరం ఒక గడి.
ఇటు పది కిలోమీటర్లు, అటు పది.
కొంత సముద్రం, కొంత వైనతేయ పాయ,
రొయ్యల చెరువులు, ఊడ్చిన చేలు,
ఓడలరేవులో ఆరేసిన వలలు,
అన్నిటికీ కలిపి ఒకటే వాన.
కాలవకి ఇవతల తడిసి
అవతల దుమ్ము లేచిన రోజులు
ధనకొండకి బోలెడు తెలుసు.

మూడేళ్ళ రిజిస్టర్లు దించుకున్నాను.
వెయ్యిన్ని తొంభై అయిదు పొద్దులు.
ఈ పక్క ఆమె అంకె, ఆ పక్క ఆకాశానిది.
తీసివేత, వర్గం, సగటు, వర్గమూలం.
తుంపరని ఆకాశం పెద్దది చేసి చెబుతుంది.
సముద్రం మీంచి పొట్టిగా, వెచ్చగా వచ్చే మబ్బుని
లెక్కే చెయ్యదు.
అట్లతద్ది తెల్లవారుజామున తొంభై నాలుగు పడితే
పదకొండంది.
ఆ పదకొండులోనే
పాలు పోసుకుంటున్న సార్వా చేలు
మూడు రోజులు మునిగాయి.

నేల గెలిచిందని
మొదటి పేరా రాసేసుకున్నాను కూడా.

తర్వాత జులై ఇరవై రెండు తగిలింది.
ఆకాశం నాలుగు, గరాటు ఇరవై మూడు.
అడిగితే ధనకొండ తల ఎత్తి చూపించింది.
కొబ్బరి మట్ట ఒకటి సరిగ్గా మూతి మీదకి వంగి
చెట్టంత వానని దారిమళ్ళిస్తోంది.
"కొట్టించమని కాగితం పెట్టామండి.
సంతకం రాలేదు."

తర్వాత సెప్టెంబరు తొమ్మిది.
ఆకాశం నలభై ఒకటి. రిజిస్టర్లో సున్నా.
ఆమె చాలాసేపు గాజుని కొంగుతో తుడిచింది.

"ఆ రోజు నేను రాలేదండి.
మా వెంకాయమ్మత్త పోయింది.
కాలవగట్టున కట్టెలు అంటుకోలేదు,
రెండు డబ్బాల కిరసనాయిలు పట్టింది.
మర్నాడు చూస్తే సీసా నిండా నీళ్ళు.
ఏ రోజువి ఎన్నో ఎలా రాయనండి?
పారబోశాను.
ఖాళీగా ఉంచితే పైవాళ్ళు ఒప్పుకోరు."

సున్నా అంటే వాన లేదు.
ఖాళీ అంటే మనిషి లేదు.
ఈ తేడా నా సూత్రంలో ఎక్కడా లేదు.

ఆ రాత్రి సున్నా చెరిపేశాను.
నలభై ఒకటి వెయ్యడానికి చెయ్యి పోయింది,
తడిసిన కట్టెలు సాక్ష్యం ఉన్నాయిగా అని.
కానీ ఎవరిని పరీక్షిస్తున్నానో
వాడి జవాబే తెచ్చి కీలో పెట్టుకోలేను.
ఖాళీ వదిలేశాను.
వెయ్యిన్ని తొంభై నాలుగు.
మొదటి పేరా కొట్టేశాను.

మర్నాడు ఎనిమిదింటికే వెళ్ళి
నిచ్చెన నేను పట్టుకుంటే
ఆమె మట్టని పక్కకి లాగి
పీచు తాడుతో మానుకి కట్టింది.
తడిస్తే ఇంకా బిగుస్తుందంది.
చూడాలి,
వాన పడితే.