చూపించండి

ఈ వేల్స్ లోయలో వాన ఆగదు, సన్నబడుతుందంతే.
గని మూసేసి ముప్పై ఏళ్లు దాటినా
మా క్లినిక్ ముందుగదిలో కుర్చీలు
ఇంకా దగ్గుతూనే ఉంటాయి.

మనిషికి పది నిమిషాలు. అందులో మూడు
తడి కోటు విప్పడానికి, కంప్యూటర్ కళ్లు తెరవడానికి.
ఊపిరి సలపని పని మాది,
ఊపిరి సలపని వాళ్ల కోసం.

పదకొండేళ్లు నర్సుగా నేనడిగింది ఒకటే:
"ఉబ్బసం ఎలా ఉంది?"
పదకొండేళ్లు వాళ్లన్నదీ ఒకటే:
"పరవాలేదు."
పరవాలేదు, టిక్కు. పరవాలేదు, టిక్కు.
ఏడాది చివర మాకు మంచి మార్కులే వచ్చేవి.

నవంబరులో ఒక తెల్లవారుజామున
నెరిస్ ప్రోసర్ బేకరీ వెనక మెట్ల మీద కూలబడింది.
పంతొమ్మిదేళ్లు. గుప్పిట్లో ఖాళీ నీలి పంపు.
అంబులెన్సు కొండ మలుపులన్నీ తిరిగొచ్చేసరికి
పెదవులదీ అదే రంగు.
బతికింది. ముందే చెప్తున్నాను,
మీరూ ఊపిరి బిగబట్టకండి.

మర్నాడు డాక్టర్ ఇడ్వాల్ ఏమీ అనలేదు.
తెర నా వైపు తిప్పాడు.
ఏడాదిలో నీలి పంపులు పద్నాలుగు.
గోధుమరంగుది ఒకటి, అదీ మార్చిలో.
రమ్మని రాసిన ఉత్తరాలు మూడు,
మూడూ వాళ్లమ్మ ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికి.
మందు చీటీలు మాత్రం ఒక్కటీ దారి తప్పలేదు.
ప్రతి దాని కిందా మా సంతకమే.

నీలిది, గుమ్మంలో నిలబడ్డ అప్పులాడి చేతిలో
పెట్టి పంపే చిల్లర.
అప్పు తీర్చేది గోధుమరంగుది.
ఆ ముక్క నేను ఎవరికైనా చెప్పానా?
కరపత్రం ఇచ్చాను.

ఆ వారం ప్రశ్న మానేశాను.
"చూపించండి" అన్నాను.
"ముందు నువ్వు చూపించు" అంది మందులషాపు తెగ్‌వెన్.
పీల్చాను. తల అడ్డంగా ఊపింది.
తొందర, అంది. దాహమైన వాడు గ్లాసు లాక్కున్నట్టు.
మూడోసారికి కుదిరింది. పదకొండేళ్ల తర్వాత
నాకు.

ఇయోర్వెర్త్, పాత బస్సు డ్రైవరు,
గులాబీలకు పురుగుమందు కొట్టినట్టు పళ్ల మీద కొట్టాడు.
ఆరేళ్ల మందు నాలుకే తాగింది.
బడిలో వంటచేసే డెలిత్ సంచి లోంచి
సీలు విప్పని పంపులు నాలుగు తీసింది.
"లావెక్కిస్తుందటగా" అంది, నేల చూస్తూ.
ఏడేళ్ల మాక్సెన్ గొట్టానికి తిమింగలం బొమ్మ అతికించి
అంకెలు పెట్టి మరీ పీల్చాడు, వాడొక్కడే తప్పు లేకుండా.
వాళ్లమ్మ ఫోన్లో ఫొటో చూపించింది:
వాడి మంచం పక్క గోడ, నల్లగా, తడిగా, బూజు.
గోడకు రాయడానికి నా దగ్గర మందు లేదు.
కౌన్సిల్‌కు ఉత్తరం రాశాను. ఇది నాలుగోది.

ఫిబ్రవరిలో నెరిస్ వచ్చింది, భోజన విరామంలో,
మోచేతుల దాకా పిండి.
గుండెకు స్టెతస్కోపు ఆనించాను.
లోపలెక్కడో పిల్లికూతలు, పలచగా.
"ఆదివారాలు బాగుంటుంది" అంది.
"సెలవులకు టెన్‌బీ వెళ్లినప్పుడు అసలుండదు."
ఆమె చొక్కా మీద తెల్లటి ధూళిని
నేను అప్పుడు చూశాను.
ఎక్కడ పనిచేస్తావని అడగడానికి
మా తెర మీద గడి లేదు.

"మానేయాలా?" అంది. అద్దె లెక్క కళ్లలో కనిపిస్తోంది.
"తెలీదు" అన్నాను. నిజంగా తెలీదు.
ఆ పరీక్షలకు పెద్దాసుపత్రికి రాశాను,
గొట్టంలో ఊదమన్నాను. రెండువందల తొంభై.
మళ్లీ. మూడువందల ఐదు.
గోధుమరంగు పంపు అందుకుని తనే పీల్చింది,
మెల్లగా, వేడి టీ ఉఫ్ అనకుండా తాగినంత మెల్లగా.
ఆపింది.
వేళ్ల మీద ఇద్దరం లెక్కపెట్టాం.

పంతొమ్మిది నిమిషాలైంది.
బయట ఎవరో గట్టిగా దగ్గారు, నన్నుద్దేశించే.
ఏడు, ఎనిమిది.